రాకాసి గుడి తూర్పు పక్క

శంషాబాద్ దాటి కొత్తూరు వైపు పోయే దారిలో మా పాలివారికి ఒక మెట్ట చెలక ఉండేది. దాని నడుమ నాలుగు రాతి పలకలు నిలిపి, పైన బండ కప్పిన చిన్న కట్టడం. చరిత్ర రాయడం మొదలుకాని కాలంలో ఎవరో తమ మృతుల కోసం కట్టుకున్న సమాధి అది. తూర్పు పలకకు గుండ్రని రంధ్రం. ఊళ్లో దాన్ని రాకాసి గుడి అనేవారు. ఐర్లండు పల్లెల్లో ఇంతకంటే పాతవి, సన్నని రాతిదారి గుండా లోనికి పోయేవి ఉన్నాయనీ, అక్కడి రైతులు వాటిని కదపడానికి జంకేవారనీ చదివాను. మావాళ్లూ భయంతోనో మర్యాదతోనో దాని చుట్టూ ఏనాడూ దున్నలేదు.

అందుకే మా అక్క తొలిచూలు కొడుకును అక్కడ పూడ్చారు. పళ్లు రాని పసివాళ్లను మాలో దహనం చేయరు, పూడ్చిన చోట గుర్తూ పెట్టరు. రంధ్రానికి ఎదురుగా, పొద్దు వాలినప్పుడు బండ నీడ పడే చోటు. అక్కకు తెలిసిన ఆనవాలు అంతే. ఏటా వాడు పోయిన రోజున వెళ్లి పాలు పోసి వచ్చేది.

నిరుడు ఆ చెలక ఇళ్ల స్థలాల వెంచరైంది. ఈసారి మోకాళ్లు సహకరించక నన్ను తోడు తీసుకుపోయింది. తిన్నని రోడ్లు, వరసగా పాతిన హద్దురాళ్లు చూసి ముందు నాకు ముచ్చటేసింది. క్రమమంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఆ తరువాతే రాకాసి గుడి కనబడలేదని గ్రహించాను.

మేస్త్రీ ఎదురొచ్చాడు. "రాండ్రి సార్. పెద్దమ్మకా ప్లాటు? ఈశాన్యం మూలది ఒక్కటే మిగిలింది."

"ఈడ రాళ్లుండె గదా నాయినా, ఏమైనయ్?" అంది అక్క.

"పారేస్తమా పెద్దమ్మా! కూలోళ్లు భయపడి ముట్టలే. నేనే కొబ్బరికాయ కొట్టి, పూజ చేపిచ్చి, గేటు కాడ నిలబెట్టిచ్చిన."

నాలుగు పలకలూ గేటు పక్కన ఒకే వరసలో నిలిచి ఉన్నాయి. సున్నం, పసుపు, కుంకుమ. రంధ్రంలో దీపం. అతని ముఖంలో భక్తి తప్ప మరేమీ లేదు. కోప్పడడానికి నాకు మనిషి దొరకలేదు.

"పాలు ఈడనే పొయ్యి పెద్దమ్మా, మంచిగుంటది," అన్నాడు అక్క చేతిలోని పాలగిన్నె చూసి.

"ఇది గుడైంది నాయినా. నా కొడుకు గుడిల లేడు."

అక్క తిరిగి లోపలికి నడిచింది. హద్దురాళ్ల నడుమ ఆగింది, కొంచెం జరిగింది, మళ్లీ ఆగింది.

"తమ్మీ, సదువుకున్నోనివి. జర చూసి చెప్పు, ఏడుంటది?"

పొద్దును చూశాను, రహదారిని చూశాను. అంతటా ఒకే ఎర్రమట్టి.

"తెలుస్తలేదక్కా. ఎక్కడో ఒక కాడ పొయ్యి."

"వేరే జాగల పోస్తే వాడు ఎదురుచూస్తనే ఉంటడు గదరా."

పోయలేదు. తిరుగుదారిలో ఆరాంఘర్ దాకా గిన్నెను ఒళ్లోనే పెట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా క్యాబు డ్రైవరు "పాలు పైలం అమ్మా" అంటున్నాడు. ప్రతిసారీ ఆమె రెండు చేతులతో మూతను అదిమి పట్టుకుంది.