రహీం భాయ్ కొట్టేయని పేజీ

నిన్న పొద్దున వాట్సాప్‌లో ఫోటో చూసి నమ్మలేదు.

మా గ్రూపులో బతికున్నవాళ్ళకి కూడా దండలు వేసేస్తుంటారు. ముగ్గురికి ఫోన్ చేసి కనుక్కున్నాను.

నిజమే. ఉదయగిరి బట్టల షాపు రహీం భాయ్ ఇక లేరు.

ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళూ ఆయన్ని నేను దొంగ అనుకున్నాను.

తొంభైల్లో సంగతి. మా నాయన టీచర్. ఆ షాపులో మాకు పన్నెండేళ్ళ ఖాతా. ఆత్మకూరుకు ట్రాన్స్‌ఫర్ కాగానే నాయన బాకీ అంతా లెక్కపెట్టి ఇచ్చి, ఖాతా క్లోజ్ చేయమన్నాడు.

రహీం భాయ్ చివరి రెండు రూపాయలు తీసుకోలేదు.

"అది ఉండనీ అయ్యోరూ. పేజీ కొట్టేయమనొద్దు."

ఇదేం మెలిక? రేపు ఆ రెండు పక్కన ఇంకో రెండు సున్నాలు పెడితే? నాయనకూ అదే డౌట్. రెండు రూపాయల నోటు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఆత్మకూరులో అమ్మకి కుట్టుమిషన్ కావాల్సి వచ్చింది. అమ్మ జాకెట్లు కుడితేనే అక్క నర్సింగ్ ఫీజు.

ఇన్‌స్టాల్‌మెంట్ షాపతను మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"వచ్చిన నెలలోనే మూడు షాపుల్లో ఖాతాలు తెరిచినారంట. పాత ఊళ్ళోది మూసేసినామంటారు. ఎట్టా నమ్మేది సార్?"

ఖాతా మూసేస్తే పరువని నాయన అనుకున్నాడు. ఇక్కడ అదే అనుమానమైంది.

అతను బస్సు కండక్టర్ చేత ఉదయగిరిలో రహీం భాయ్‌కి చీటీ పంపాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. పైకే చదివాడు.

"పన్నెండేళ్ళ ఖాతా. ఇప్పటికీ నడస్తా ఉండాది. బాకీ రెండు రూపాయలు."

"చూసినావా నాయనా, నోటు మింగేసినాడు" అన్నాను.

షాపతను మాత్రం చీటీ జేబులో పెట్టుకుని, మిషన్ రిక్షా ఎక్కించమన్నాడు.

తర్వాత నాయన ఉదయగిరి వెళ్ళి అడిగాడట.

"కొట్టేసిన పేజీ చూస్తే తగాదా పడి పోయినాడనుకుంటారు అయ్యోరూ. పాతది ఒకటి నడస్తా ఉంటేనే కొత్తోళ్ళు నమ్మేది" అన్నాడట రహీం భాయ్.

నాయన నమ్మాడు. నేను నమ్మలేదు. మరి ఆ నోటు ఏమైనట్టు? అక్క నర్స్ అయ్యి, గవర్నమెంట్ జాబ్ వచ్చాక కూడా నా డౌట్ పోలేదు.

నిన్న జనాజాకి వెళ్ళాను. అంతా అయ్యాక వాళ్ళబ్బాయి పాత ఖాతా పుస్తకం తెచ్చి మా పేజీ తీశాడు.

నాయన పేరు పక్కన, గుండుసూదితో గుచ్చి, ఆ రెండు రూపాయల నోటు.

"అయ్యోరి కొడుకు వస్తే చూపించమని మా అబ్బా చెప్పినాడన్నా."

అంటే నా అనుమానం ఆయనకు తెలుసు. తెలిసీ, ఎప్పుడు కనబడినా టీ తాగిందాకా పంపేవారు కాదు.

సిగ్గుతో ఏడ్చేశాను. తీసుకోమన్నా ఆ నోటు తీసుకోలేదు.

రహీం భాయ్, మా పేజీ అట్లాగే ఉండనీయండి.

ఈ ఖాతా నేను క్లోజ్ చేయను. మీరు నిశ్చింతగా పడుకోండి.