శని చుట్టూ డెమో క్లాసు

మా వైపు ప్రైవేటు కాలేజీల్లో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ కంటే డెమో క్లాసు ముఖ్యం. నిజంగానే క్లాసులో పిల్లలకు పాఠం చెప్పాలి. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. పాత కాలేజీలో సెక్షన్లు తగ్గించి నన్ను మానిపించారు. గుణదల కాలేజీలో డెమో కుదరకపోతే ఆ ఏడాదికి ఇంకెక్కడా ఖాళీల్లేవు. హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ పాఠాన్ని విడగొట్టుకున్నాను: కక్ష్య, మార్పిడి, ఊగులాట.

వాళ్ళిచ్చిన పాఠం భ్రమణం. ఉదాహరణకు నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులోని జంటను తీసుకున్నాను. శనిగ్రహానికి జానస్, ఎపిమీథియస్ అని రెండు ఉపగ్రహాలున్నాయి. దాదాపు ఒకే కక్ష్య. లోపలిది కాస్త వేగంగా తిరుగుతూ బయటిదాన్ని వెనక నుంచి సమీపిస్తుంది. కానీ దాటదు. ఒకదాన్నొకటి లాక్కోవడంలో లోపలిది బయటికి, బయటిది లోపలికి మారతాయి. నాలుగేళ్ళకోసారి ఇదే తంతు. మారిన ప్రతిసారీ, శనివైపుండే వాటి పక్క కాస్త అటూ ఇటూ ఊగుతుంది, అదే ఊగులాట.

మాస్టారి కుర్చీని మధ్యకు లాగి ఇదే శని అన్నాను. ఇద్దరు కుర్రాళ్ళను లేపి, ఒకణ్ణి లోపల, ఒకణ్ణి బయట దాని చుట్టూ నడవమన్నాను.

"పరీక్షల ముందు శనికి ప్రదక్షిణలా సార్! మంచిదేలెండి," అన్నాడొకడు.

"నల్ల నువ్వులు తెచ్చావేంట్రా?" అన్నాడు రెండోవాడు. క్లాసంతా నవ్వింది.

పైనుంచి చూస్తే ఆ ఉపగ్రహాలు అపసవ్యంగా తిరుగుతాయి. వీళ్ళకు గుడి అలవాటుగా సవ్యమే వచ్చింది, వద్దనలేదు. కుడి భుజం ఎప్పుడూ కుర్చీవైపే. అంటే ఒక చుట్టుకు తన చుట్టూ తానూ ఒకసారి తిరిగినట్టే. అక్కడిదాకా బాగానే నడిచింది.

మార్పిడి దగ్గర చెడింది. లోపలివాడు బయటికొచ్చి నడక తగ్గించాడు. ఉపగ్రహమైతే నడక తగ్గినా తన చుట్టూ తాను తిరిగే వేగం వెంటనే తగ్గదు. కుర్చీవైపున్న భుజం కొంచెం పక్కకు పోవాలి. వీడు మాత్రం ప్రదక్షిణలో లాగే భుజం సరిచేసుకుంటూ నడిచాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

"ఏదండీ ఊగులాట?" అన్నారు ప్రిన్సిపాల్ గారు వెనక నుంచి.

"వీళ్ళకి అలవాటైపోయిందండీ," అని వాడివైపు తిరిగాను. "కళ్ళు మూసుకో నాన్నా. నడక తగ్గించు, తిరగడం తగ్గించకు."

ఈసారి వాడి ముఖం నేరుగా కుర్చీకే తిరిగింది. "గుద్దేస్తాడు సార్!" అంటూ రెండోవాడు వాడి వీపు మీది బ్యాగు పట్టి వెనక్కి తిప్పాడు. ఆ ఊపుకి వాడు మరీ అవతలి పక్కకు తిరిగిపోయాడు. రెండోవాడు మళ్ళీ ఇటు లాగాడు. ఇదే ఊగులాటని, పొడుగాటి ఉపగ్రహాన్ని శని ఆకర్షణ అలాగే వెనక్కి లాగుతుందని, అక్కడ ఊగేది మాత్రం చాలా కొంచెమేనని చెప్పాను. గంట కొట్టారు. బోర్డు మీద ఒక్క లెక్కా లేదు.

ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆపారు.

"ఇది ఎంట్రన్స్‌లో వస్తుందాండీ?"

"రాదండీ."

"సిలబస్‌లో?"

"ఉపగ్రహాలు లేవండీ. టార్కు ఉందండీ, ఊగినదాన్ని వెనక్కి తిప్పే బలం."

"అయితే గురువారం మళ్ళీ రండి. టార్కు లెక్కలు చెయ్యండి."

గురువారం ఫ్లైవీల్ అనే బరువు చక్రం మీద లెక్కలు చేశాను. ఎవరూ నవ్వలేదు. ఉద్యోగం ఇచ్చారు, క్లాసులో పిల్లల్ని లేపి తిప్పకూడదన్న షరతుతో. ఒప్పుకున్నాను.