రెండు ఆటోల్లో ఒకే గొంతు

నాది గొంతు అమ్ముకునే పని. సీతమ్మధారలో ఒక క్లినిక్ మేడ మీద చిన్న గది, ఒక మైకు, ఒక కంప్యూటరు. చీరల షాపు ఆఫర్లు, కోచింగ్ సెంటర్ల అడ్మిషన్లు చదివి రికార్డు చేసి ఇస్తాను. ఊళ్లో తిరిగే మైకు ఆటోల్లో సగం నా గొంతే.

స్టీలు ప్లాంటును అమ్మేస్తారన్న మాట బయటికొచ్చాక, అమ్మొద్దనేవాళ్లు నా దగ్గరికి వచ్చారు. నాలుగు కాగితాల నిండా రాసి తెచ్చారు. సొంత గనులు లేకపోవడం, బొగ్గు ధర, వడ్డీల భారం, అన్నీ ఉన్నాయందులో. "ఇవి రోడ్డు మీద ఎవరూ వినరండి, కళ్లలో నీళ్లు రావాలి" అని చెప్పి నేనే రాశాను: "ఈ ప్లాంటు మన అమ్మ. అమ్మని అమ్ముకుంటామా?" 'అమ్మ' దగ్గర గొంతు కాస్త వణికించి, ఒక్క క్షణం ఆగి, మిగతాది అన్నాను. వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన అక్కడే కళ్లు తుడుచుకున్నాడు.

మూడు వారాలకి, అమ్మితేనే మంచిదనేవాళ్లు వచ్చారు. వాళ్ల దగ్గరా కాగితాలున్నాయి. వాటినీ పక్కన పెట్టించాను. "ఈ బండరాయిని మన పిల్లల మెడకి కడదామా?" గొంతు మార్చాను గానీ ఆ వణుకూ, ఆ ఆగడమూ అవే.

తర్వాత ఒక ఆదివారం అక్కా బావా, తమ్ముడూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. బావ ప్లాంటులో కాంట్రాక్టు వెల్డరు. తమ్ముడు సబ్బవరం వైపు ప్లాట్లు అమ్మిస్తుంటాడు. ప్లాంటు ప్రైవేటు చేతికెళ్తే అటు గిరాకీ పెరుగుతుందని వాడి ఆశ. అక్క చేపల పులుసు వడ్డిస్తుండగా మాట ప్లాంటు మీదికి పోయింది.

"అమ్మని..." అన్నాడు బావ. నేను ఆగినంతసేపే ఆగాడు. "అమ్ముకుంటామా?"

"ఈ బండరాయిని మన పిల్లల మెడకి కడదామా బావా?" అన్నాడు తమ్ముడు.

తమ్ముడికి పెళ్లే కాలేదు. బావ, కన్నతల్లి పోయిన రోజున కూడా అలా గొంతు వణికించలేదు.

మాట మారుద్దామని, "బావా, నీ గేటు పాసు రెన్యువల్ ఏటైంది?" అని అడిగాను. బావ నా వైపు తిరిగాడు. కళ్లు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూస్తున్నట్టు లేదు.

"అమ్మని అమ్ముకుంటామా?" అన్నాడు.

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇంటికాడా ఇదే వరసరా. కుళాయి రాట్లేదని సెప్పినా ఇదే మాట. నాకు బయమేత్తంది" అంది మెల్లగా.

తమ్ముడు అన్నం మధ్యలోనే లేచి, "ఇకమీదట నువ్వు నాకు బావవే కావు" అని వెళ్లిపోయాడు.

రెండు రోజులాగి, మిట్టమధ్యాహ్నం, ప్లాంటు అమ్మొద్దంటూ వేసిన దీక్షా శిబిరంలో ఉన్న బావ దగ్గరికి వెళ్లాను.

"బావా, ఆటోలో ఇనిపించే మాట నాదే. నానే రాసాను, నానే సదివాను. తమ్ముడు అంటన్న ఆ బండరాయి మాట కూడా నాదే."

బావ నవ్వాడు. "నువ్వా? ఊరుకో బామ్మర్దీ. ఆ మనిసికి కడుపులో ఏడుపుంది. నీకేటుంది?"

నమ్మించడానికి ఆ అమ్మ మాటని అక్కడే పలికి చూపించాను. బావ కళ్లవెంట నీళ్లు కారాయి. టెంటు కింద కూర్చున్న మిగతావాళ్లూ ఏడ్చారు. ఒక్కడూ నా మొహం వంక చూడలేదు. నేను ఆపేశాక కూడా వాళ్ల పెదాలు కదులుతూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా. వెనక్కి తిరిగి చూడకుండా బస్టాపు దాకా నడిచాను.

ఆ నెలలోనే బావ గేటు పాసు ఆగిపోయి, ప్లాంటులో పని పోయింది. ఇప్పుడు తగరపువలసలో ఒక షెడ్డులో కిటికీ గ్రిల్స్ వెల్డింగు చేస్తున్నాడు. తమ్ముడి ప్లాట్లు అలాగే పడున్నాయి. వాళ్లిద్దరికీ మాటల్లేవు. నేను ఆ రికార్డింగులు చెరిపేశాను గానీ ఊళ్లో ఎవరెవరి ఫోన్లలోనో ఇంకా తిరుగుతున్నాయి.

జరిగిందంతా మొన్న అక్కకి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. "ఇద్దరికీ నువ్వే రాసావు కదరా. మరి నీకేటనిపిస్తాది? అమ్మాలా, ఒద్దా?" అని అడిగింది.

"తెలీదక్కా" అన్నాను.

ఇదీ నేను రాసుకున్న మాటేనేమో అన్నట్టు నన్ను చూసింది. తర్వాత టీ పెట్టడానికి లేచింది.