ఎండుచేపల వీధి

ఒక వీధి పేరు ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువుగా ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పలాస దగ్గర మా ఊళ్లో వీధులకు కొత్త బోర్డులు పెట్టారు. ఏ పాత వీధి ఏ కొత్త పేరులో కలిసిపోయిందో ఇంటిపన్ను రిజిస్టర్లు చూసి రాసే పని నాది. ఆ పనంటే పిచ్చి నాకు. చెదలు తిన్న పేజీల్లో పోయిన వీధి ఒక్కటి దొరికితే ఆ పూట ఆకలి గుర్తొచ్చేది కాదు.

మా వీధి అప్పటికే శాంతినగర్ అయింది. అక్కడ ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లను కంపు కొడుతోందని మా వీధివాళ్లే వెళ్లగొట్టారు. వాళ్లలో డొంకూరు నుంచి వచ్చే నూకమ్మ ఒకరోజు గంపతో ఆఫీసులో నా బల్ల దగ్గరికొచ్చింది.

"మాయమ్మ కాడి నుంచీ అక్కడే అమ్ముకుంతన్నాం బాబూ. అది ఎండుసేపల ఈధి. పాత బుక్కుల్లో ఉంటాది, సూడు. కాయితం రాసిత్తే మల్లీ కూకుంటాం."

చూశాను. ఉంది. గుండ్రటి అక్షరాలతో, ఎండుచేపల వీధి అని. దాని కిందే మా తాత పేరు, మా ఇంటి నంబరు. రిజిస్టరు మూసేశాను.

"అలాంటి వీధి లేదప్పా," అన్నాను.

"నేదా? సదూకున్నోడివి, నువ్వు నేదంటే నేదు గావాల," అంది. రెండు గుప్పెళ్ల ఎండురొయ్యలు కాగితంలో పోసి, పైన కొసరు కూడా వేసింది. "ఇంతసేపూ ఎతికినావు, ఉంచు బాబూ."

తీసుకున్నాను. ఇంటికి పట్టుకెళ్లి వంకాయతో వండించుకుని తిన్నాను కూడా.

ఎందుకు అబద్ధమాడాను? కంపుకా? ఎండుచేపల వీధివాణ్ణని చెప్పుకోవడానికి సిగ్గా? ముందే అనుకున్నానా, లేక నోరు దానంతటదే తిరిగిందా? అడుక్కున్న ప్రతిసారీ ఒక జవాబు దొరుకుతుంది, అదే నిజమనుకుని పడుకుంటాను, తెల్లారేసరికి అదీ సాకులాగే కనిపిస్తుంది. నన్నెవరూ బెదిరించలేదు. అబద్ధం చెప్పమని ఎవరూ అడగలేదు.

నూకమ్మ మళ్లీ మా ఊళ్లో కనిపించలేదు. ఎక్కడ అమ్ముకుందో, ఎలా బతికిందో తెలియదు. డొంకూరు ఎంత దూరమని? బస్సెక్కితే చాలు. ఎక్కలేదు. ఆ రిజిస్టర్లు తర్వాత పూర్తిగా చెదలపాలయ్యాయి. నేను రాసిన జాబితాయే మిగిలింది, అందులో ఆమె వీధి లేదు.

ఆ వీధి ఉంది. నా కళ్లతో చూశాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.