గట్టు మీద మట్టిమనిషి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మీకందరికీ వందనాలు. నేను బడికి వెళ్ళలేదు, మా నాన్నగారు బైబిలు ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు నేర్పారు, తప్పులుంటే మన్నించండి.

మా ఆయన యానాం అవతల ఒక రొయ్యల చెరువుకి కాపలా ఉండేవారు. రెండేళ్ళ క్రితం మంచు పట్టిన ఒక ఉదయం, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూద్దామని గట్టు మీద నిలబడి చెక్ ట్రే పైకి లాగుతుండగా, పక్క చెరువు కాపలాదారు సత్తిబాబు నీటికాకుల మీద పేల్చిన నాటు తుపాకీ గుళ్ళు ఆయన గుండెలో దిగాయి, ఆసుపత్రికి చేరకముందే ఆటోలో నా ఒడిలోనే ప్రాణం పోయింది.

సత్తిబాబు కావాలని చేయలేదని అందరూ అన్నారు, నాకూ తెలుసు, తెలిసినా ఏమీ తగ్గలేదు. పోలీసులు ఆ తుపాకీ పట్టుకెళ్ళారు, అతను బెయిలు మీద తిరిగి వచ్చాడు, పిట్టలు రొయ్యల్ని తినేస్తున్నాయని ఆ పక్క చెరువు యజమాని అతని చేతికే ఇంకో తుపాకీ ఇచ్చారు! నేనేమో ఆ గట్ల మీదే గడ్డి కోయడానికి కూలికి వెళ్ళాలి, పేలిన చప్పుడు వినిపిస్తే కొడవలి జారిపోయేది. మోకరిస్తే నా నోట ఒకటే ప్రార్థన. "ప్రభువా, ఆ చెయ్యి పడిపోవాలి." సిగ్గుతో చెబుతున్నాను, ఏడాదిపాటు అదే అడిగాను, అడిగి అడిగి అలసిపోయాను.

చివరికి "ప్రభువా, నాకిక మాటలు లేవు, ఈ చేతులకి ఏదైనా పని చెప్పు" అన్నాను. మా అమ్మ దగ్గర నేర్చుకున్నది మట్టిపొయ్యిలు వేయడం ఒక్కటే. చెరువు మట్టిలో ఊక కలిపి తొక్కి, ఆయన పడిన చోటే ఆయనంత మనిషిని నిలబెట్టాను, చేతికి పాత చెక్ ట్రే తగిలించాను, ముఖం సత్తిబాబు పాక వైపు తిప్పాను. ఇక్కడ మనుషులుంటారని చూసైనా తుపాకులు దించాలని నా ఆశ.

కాపలావాళ్ళు "బావగారు ఇంకా డ్యూటీ దిగలేదండోయ్" అని నవ్వుకున్నారు. అది ఓర్చుకున్నాను గానీ, వారం తిరక్కుండా చేపలమ్మే మంగమ్మగారు ఎవరో కొత్త దేవుడనుకుని, కుంకుమబొట్టు పెట్టి, మందారాలు ఉంచి, కొబ్బరికాయ కొట్టి వెళ్ళింది. ఆ కబురు సంఘానికి చేరి పెద్దలు వచ్చారు. "విగ్రహాలేంటమ్మా మనకి?" అన్నారు. వాళ్ళు వెళ్ళాక కుంకుమ కడిగి, ఆయనకి గుళ్ళు తగిలిన పదకొండు చోట్లా చిటికెనవేలితో చిల్లులు పెట్టాను. మర్నాడు మంగమ్మగారు వచ్చి, ఆ గుండె వైపు చాలాసేపు చూసి, తెచ్చిన పూలు తనతోనే పట్టుకెళ్ళిపోయింది. పెద్దలూ మళ్ళీ ఏమీ అనలేదు.

వానలకి మట్టిమనిషి మూడుసార్లు కూలిపోయాడు, మూడుసార్లూ లేపాను. నాలుగోసారీ కూలితే మళ్ళీ మట్టి తొక్కుతుంటే సత్తిబాబు వచ్చి నిలబడ్డాడు. చేతిలో తుపాకీ గొట్టం ఉంది, కర్రభాగం ఊడదీసేశాడు.

"అక్కా, లోపల ఇనుము లేకపోతే నిలబడదండి. ఇది పెట్టండి."

యజమానికి ఏం చెబుతావని అడిగాను. పని మానేశానండి అన్నాడు. చెయ్యి చాపి ఆ గొట్టం నాకు అందించాడు. ఏడాదిపాటు పడిపోవాలని నేనడిగిన చెయ్యి అదే సహోదరులారా! ఆ క్షణంలో నా నోట వచ్చిన ప్రార్థన నాది కాదు, "ప్రభువా, ఆ చేతిని కాపాడు" అన్నాను. అతను పంచె పైకి కట్టి మట్టిలోకి దిగాడు, ఇద్దరం కలిసి తొక్కాం.

ఆ గొట్టం ఇప్పుడు మా ఆయన వెన్నులో ఉంది. సత్తిబాబు కాసిన చెరువు మీద పిట్టలు వాలకుండా యజమాని వల కట్టించారు. అవతలి గట్ల మీద ఇంకా పేలుతూనే ఉంది, నేనూ ఇంకా అలసిపోయే ఉన్నాను, కానీ పగ లేదు, ఆ భారం దించినది నా ప్రభువే, ఆయనకే మహిమ! మీలో ఎవరైనా ఇలాంటి చెడ్డ ప్రార్థన మోస్తుంటే, దాచుకోకుండా ఆయన ముందే పెట్టండి, ఆయన విసుక్కోడు, మెల్లగా దాన్ని మార్చేస్తాడు.

పొద్దున్నే గడ్డికి వెళ్ళేసరికి ఆ మట్టి తల మీద కొంగ వాలి ఉంటుంది. దాన్ని ఎవరూ తోలరు. ఆమేన్.