మంచు ఆరకముందు చూసిన కంకులు

1949 అక్టోబరు, మూడో ఆదివారం. సూర్యాపేట శివారు, పెన్‌పహాడ్ బాట పక్క కంచె. ఉన్నవారు: నేను, మా మేనత్త, కావలి తాత.

కంచె అంటే మా వైపు గడ్డి కోసం విడిచిపెట్టిన బీడు. దాన్ని పెద్దలు ఎన్నడూ దున్ననివ్వలేదు. వానలు మొదలైనప్పటి నుంచి అందులోకి పశువు పోకూడదు, కొడవలి పోకూడదు. కంకి నలిపితే గింజ రాలాలి. అప్పుడే కోత. ముందే కోస్తే మరుసటేడు గడ్డి పలచబడుతుంది.

అత్త ఇంట్లో వరిగడ్డి అయిపోయింది. ఆ రోజు కంచె తెరవకపోతే తెల్లారి బర్రెను అంగడికి తోలవలసిందే. ఆ పాలతోనే ఆమె ఇల్లు నడిచేది.

తాతకు చూపు మందగించింది. "నువ్వు బడి పంతులువి. సూసి చెప్పు, నీ మాటే నా మాట," అన్నాడు.

పొద్దు పొడుస్తుండగా మోకాలెత్తు గడ్డిలోకి దిగాను. పది చోట్ల పది కంకులు తెంపి నలిపాను. ఒక్క గింజా రాలలేదు. 'పండలేదు' అని డైరీలో రాసుకున్నాను.

"పాలు తాగేటప్పుడు లేని లెక్క గడ్డి కాడ పెట్టినవ్ రా," అంది అత్త.

బండ మీద కూర్చుని తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాం. కంచె మీద గాలి తిరిగింది. పిట్టలు లేచి మళ్లీ వాలాయి. ఎండ ఎక్కాక గడ్డిలోంచి అడ్డంగా నడిచి బయటికి వచ్చాం. బాట చేరగానే అత్త చీర అంచు ఎత్తి నా ముందు పెట్టింది. అంచు నిండా గింజలు.

"ఇవేంది మరి? ఇంటి నుంచి తెచ్చుకున్ననా?"

తాత వేళ్లతో తడిమి నవ్వాడు. "మంచు తడికి గింజ ఊడదు పంతులూ. పొద్దెక్కినంక సూడాలె."

"పొద్దున్నే చెప్పొచ్చు గద తాతా."

"చదువుకున్నోనివి, తెలుసనుకున్న."

వెనక్కి వెళ్లి మళ్లీ పది కంకులు నలిపాను. తొమ్మిది రాలాయి. "రేపటి సంది కొయ్యుండ్రి," అన్నాడు తాత. డైరీలో పొద్దుటి మాట కొట్టివేయలేదు. కింద 'మధ్యాహ్నం: పండింది' అని చేర్చాను.

మర్నాడు పొద్దున అంగడి బండ్లు బాట మీద పోతున్నాయి. అత్త బర్రె ఇంటి దగ్గరే ఉంది. చీరకు అంటిన గింజలను ఏరి కొంగున కట్టుకొచ్చిందట. ముడి విప్పి వాటిని కంచెలో చల్లి, అప్పుడు కొడవలి పట్టింది. మొదటి మోపు కట్టి నా నెత్తికెత్తింది.

"ఇది గూడ రాసుకో," అంది.