కొల్లేటి ఆస్పత్రి దీపం

1936 వేసవిలో ఏలూరులోని ఒక బ్యాటరీ కార్ఖానాలో కెమిస్టుగా చేరాను. మోటారు బస్సులకు బ్యాటరీలు కట్టడం, దిగిపోయినవాటికి ఛార్జింగు చేయడం అక్కడి పని. కొల్లేటి లంకలోని ఒక చిన్న ఆస్పత్రిలో ఆపరేషన్ దీపానికి కూడా మా బ్యాటరీలే పడవ మీద వెళ్ళేవి.

నేను చేరిన కొత్తలోనే ఆ ఆస్పత్రి డాక్టరు సుభద్రమ్మగారు కార్ఖానాకు వచ్చారు. వాడకుండా పక్కన పెట్టినా బ్యాటరీ వారం తిరక్కుండానే దిగిపోతోందనీ, మొన్న ఒక కాన్పు మధ్యలో దీపం ఆరిపోయిందనీ చెప్పారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

"గ్యాసులైటు పెట్టుకోకూడదాండీ?" అని మా మేనేజరు శేషగిరిరావుగారు అడిగారు.

"మత్తుకి ఈథరు ఇస్తామండి. ఆ ఆవిరికి మంట తగిలితే గదే అంటుకుంటుంది. మీవల్ల కాదంటే చెప్పేయండి, మద్రాసు నుంచి తెప్పించుకుంటాను," అన్నారావిడ.

కొంచెం గడువిమ్మని నేనే అడిగాను. మేనేజరుగారికి అది నచ్చలేదు.

బ్యాటరీలో సీసపు పలకలు, గంధకామ్లం ఉంటాయి. ఛార్జింగు చేస్తే ఆమ్లం చిక్కబడుతుంది, వాడేకొద్దీ పలచబడుతుంది. ఆ చిక్కదనాన్ని హైడ్రోమీటరుతో కొలుస్తాం. నిండు బ్యాటరీలను తీగలు తగిలించకుండా బల్లమీద వదిలి రోజూ కొలిచాను. ఎవరూ వాడకుండానే ఆమ్లం పలచబడుతోంది. లోపలే ఏదో శక్తిని తినేస్తోందన్నమాట. పలకలు మార్చాను, వాటి మధ్య పెట్టే చెక్కలు మార్చాను, ఆమ్లం మార్చాను. లాభం లేకపోయింది.

మిగిలింది ఆమ్లంలో కలిపే నీళ్ళు. అవి తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు బాయిలరు ఆవిరి చల్లారగా వచ్చినవి. పరీక్షనాళికలో పోసి, ఆమ్లం, థయోసయనేటు చుక్కలు వేస్తే ఎర్రబడ్డాయి. అది ఇనుము జాడ. మిల్లు గొట్టాల తుప్పు నీళ్ళలో కరిగి, బ్యాటరీలో ఒక పలక నుంచి ఇంకో పలకకు తిరుగుతూ రెండింటినీ నీరసపరుస్తోంది.

"ఇంత తేటగా ఉన్న నీళ్ళు పనికిరావంటే ఎలాగండీ? ఇన్నేళ్ళూ ఇవేగా పోశాం," అన్నారు మేనేజరుగారు.

"మిల్లు నీళ్ళతో ఒకటి, నేను కాచి పట్టే నీళ్ళతో ఒకటి బ్యాటరీలు కట్టి మీ గదిలోనే పెడతానండి. మీరే కొలిచి చూడండి," అన్నాను.

గాజు పాత్రల్లో నీళ్ళు కాచి, ఆవిరిని చుక్కచుక్కగా పట్టాను. ఒక్క బ్యాటరీకి సరిపడా పట్టేసరికి రోజులు గడిచాయి. చేతులు బొబ్బలెక్కాయి గానీ నేను పని మానలేదు. రెండు బ్యాటరీలూ ఆయన గదిలో పెట్టిన రెండు వారాలకు మేనేజరుగారే హైడ్రోమీటరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "మిల్లుకి మనిషిని పంపండి, ఇక నీళ్ళు వద్దని," అని మాత్రం అన్నారు.

కొత్త బ్యాటరీని నేనే పడవలో తీసుకెళ్ళాను. దాన్ని చాలా రోజులు ముట్టుకోకుండా ఉంచాకే సుభద్రమ్మగారు ఒక జాలరి ఇల్లాలి కాన్పుకు వాడారు. ఆపరేషన్ అయ్యేదాకా వెలుగు తగ్గలేదని, తల్లీ బిడ్డా క్షేమమని కబురు చేశారు.

ఛార్జింగు చేసిన రోజు ఏ బ్యాటరీ అయినా నిండుగానే కనిపిస్తుంది. దాని సత్తా తెలియాలంటే ఊరికే ఉంచి కొలవాలి. రిటైరయ్యేదాకా అలా కొలవకుండా ఏ ఆస్పత్రికీ నేను బ్యాటరీ పంపలేదు.